పథ్యం తప్పింది మల్లక్క కాదు

మల్లక్క తన మొగుణ్ణి చంపలేదు. ఈ మాట రాయడానికే కూర్చున్నాను. నా జబ్బు గురించి కూడా రాస్తాను. ఎందుకంటే ఆమె మొగుడికీ నాకూ వచ్చింది ఒకే జ్వరం, మేమిద్దరం మింగింది ఒకే డబ్బాలోని మందు. నేను బతికి వచ్చాను, అతను రాలేదు. ఇప్పుడు ఒళ్ళు కాస్త కుదుటపడింది, చేయి వణక్కుండా కలం పట్టుకోగలుగుతున్నాను. కోపం మాత్రం కుదుటపడలేదు. పడాలని నేను కోరుకోవడమూ లేదు.

మేముండేది గోదావరిఖని పక్కన, నది వైపు, ఇసుక లైన్లలో, అంటే ఇసుక పనివాళ్ళ ఇళ్ళ వరసల్లో. బొగ్గు తీసేసిన చోట భూమి లోపల ఖాళీ మిగులుతుంది. పైకప్పు కూలకుండా ఆ ఖాళీని ఇసుకతో నింపాలి. గోదావరిలో ఆ ఇసుక తవ్వి తెచ్చే పని ఒక ప్రైవేటు కాంట్రాక్టు సంస్థది. దాని పేరు రాయను, రాస్తే కాగితం మైలపడుతుంది. మా ఆయన ప్రకాశం అందులో లారీ డ్రైవరు. పక్కింటి రాజయ్య అదే లారీకి ఇసుక ఎత్తే కూలీ. రాజయ్య భార్యే మల్లక్క. నేను మిషన్ బోర్డింగులో చదువుకున్నదాన్ని, చర్చి వాళ్ళ చిన్న బడిలో పిల్లలకు అక్షరాలు నేర్పేదాన్ని.

గని కార్మికులకు వాళ్ళ పెద్ద దవాఖాన ఉంది. మేము కాంట్రాక్టు వాళ్ళం కాబట్టి మాకది లేదు. మా కోసం సంస్థ ఒక రేకుల షెడ్డులో డిస్పెన్సరీ నడిపేది. అప్పుడప్పుడు వచ్చే డాక్టరు, ఎప్పుడూ ఉండే కంపౌండరు, వరండాలో ఒక బెంచీ. అంతే. ఎండాకాలం ఆ రేకుల కింద కూర్చుంటే జ్వరం లేనివాళ్ళకు కూడా వచ్చేది.

ఈ డెబ్బైలలోనే, పోయిన వానాకాలం. మృగశిర చినుకులు పడ్డ వారంలోనే లైన్లలో జ్వరాలు మొదలయ్యాయి. తాగే నీళ్ళ పైపు మురుగు మోరీ పక్కనుంచే వస్తుంది. అది పగిలితే కొత్త పైపు వేయకుండా పాత లారీ ట్యూబు ముక్క చుట్టి కట్టి వెళ్ళారు సంస్థ మనుషులు. వాన పడగానే మోరీ నీళ్ళూ తాగే నీళ్ళూ ఒకటయ్యాయి. నాకు తలనొప్పితో మొదలైంది. తర్వాత రోజూ సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయేది. నాలుక మీద ఏం పెట్టినా మట్టి రుచి. మూడేళ్ళ నా కూతురు దగ్గరికి వస్తే చేత్తో దూరంగా తోసేదాన్ని. అది గడప దగ్గర కూర్చుని నన్నే చూస్తుండేది.

డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. క్యాప్సూళ్ళు రాశాడు. అంతకు ముందు ఏడు ఇదే జ్వరానికి లైన్లో వాళ్ళకు మెరిసే రేకులో అంటించిన క్యాప్సూళ్ళు ఇచ్చేవారు, రేకు మీద చేసినవాళ్ళ పేరు ఉండేది. ఈసారి కంపౌండరు ఒక పెద్ద డబ్బాలో చెయ్యి పెట్టి, గుప్పెడు తీసి, పాత పేపరులో పొట్లం కట్టాడు.

"రేకులయి లేవా?" అని మా ఆయన అడిగాడు.

"అవి బందయినయి ప్రకాశన్నా. పట్నం నుంచి గీ కొత్త మాలు సస్తగ, తక్కువ పైసలకు దొరుకుతుందంట. మేనేజరు సారు ఇగ గిదే తెప్పిస్తుండు" అన్నాడు కంపౌండరు. పొట్లం చేతికిస్తూ నా వైపు చూసి, "పత్తెం జాగ్రత్త వదినా. అన్నం ముట్టద్దు. పెరుగు ముట్టద్దు. జావ, బార్లీ నీళ్ళు, అంతే" అన్నాడు.

పథ్యం అంటే మా లైన్లో దేవుడి తర్వాత దేవుడు. హిందువుల ఇంట్లోనైనా మా ఇంట్లోనైనా దానికి తేడా లేదు. మందు సగం, పథ్యం సగం అనుకుని పెరిగినవాళ్ళం. మా అత్తమ్మ మరియమ్మ ఆ మాట విన్న క్షణం నుంచి నా మంచం పక్కన కాపలా కూర్చుంది. అన్నం వండేటప్పుడు వాసన నా దాకా రాకుండా తలుపు దగ్గరికి వేసేది. అయినా వచ్చేది. వంకాయ కూర వాసనకు నేను పిల్లలా ఏడ్చిన రోజులున్నాయి.

పొట్లం అయిపోయింది. జ్వరం పోలేదు సరికదా ఇంకా పెరిగింది. ఆషాఢం వానలో మా ఆయన నన్ను రిక్షాలో డిస్పెన్సరీకి తీసుకెళ్ళాడు. డాక్టరు కళ్ళెత్తి చూడకుండానే అడిగాడు: "ఏం తిన్నావ్?"

"ఏం తినలేదు సార్."

"తినకపోతే జ్వరం ఎందుకు తిరగబడుతుంది? పథ్యం తప్పావు. మళ్ళీ ఇంకో కోర్సు వాడు" అన్నాడు. కంపౌండరు మళ్ళీ అదే డబ్బాలో చెయ్యి పెట్టాడు.

నేను వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. నిలబడే ఓపిక లేదు. ఆ వరండాలో ఆ రోజు నేను విన్నది నా జీవితంలో మర్చిపోను. ఒకతను పెళ్ళాన్ని కసురుతున్నాడు: "సాటుంగ ఏం మెక్కినవే? నిజం చెప్పు!" ఆమె తల అడ్డంగా ఊపుతోంది, మాట్లాడే శక్తి కూడా లేదు. ఇటు పక్క ఒక ముసలమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కోడలి మీద విరుచుకుపడుతోంది: "నా కొడుక్కు పచ్చడేసి పెట్టినవ్, నాకెరుక." అప్పుడే మల్లక్క రాజయ్యను నడిపించుకుంటూ మెట్లెక్కింది. వెనకాల రాజయ్య తమ్ముళ్ళు ఇద్దరు. వాళ్ళూ అదే పాట: "వదినా, అన్నకు ఏం పెడుతున్నవ్?"

మల్లక్క నన్ను చూసి పక్కన కూలబడింది. "ఏం పెడుత చెల్లె? నేను సుత వాని ముంగట తింటలేను. దొంగసాటుకు ఇంటెనక నిలవడి బుక్కుతున్న" అంది.

అంతమందీ ఒకరినొకరు ఏం తిన్నావని అడుగుతున్నాం. మింగుతున్నది ఏమిటని ఒక్కరం అడగలేదు. ఆ పొట్లాలను ప్రసాదంలా కొంగున కట్టుకుని ఇళ్ళకు పోయాం. ఆ సంస్థకు మాకంటే నమ్మకమైన కాపలాదార్లు ఎక్కడ దొరుకుతారు? వాళ్ళ దొంగ సరుకుకు మా ఆడవాళ్ళ మీది అనుమానమే తాళం.

మా ఇంట్లోనూ ఆ సాయంత్రం అదే జరిగింది. మా ఆయన కోపిష్టి కాడు. కానీ భయపడ్డ మనిషి ఎవరి మీదో ఒకరి మీద పడాలి. వాళ్ళమ్మ మీద పడ్డాడు.

"అవ్వా, నిజం చెప్పు. ఏడుస్తుందని దీనికేమన్న పెట్టినవా?"

"యేసయ్య తోడు బిడ్డా. పెట్టలే."

"మరి జరం ఎందుకు తగ్గుతలేదు?"

అత్తమ్మ లేచి అన్నం గిన్నె కడిగి, గోడ మీద బోర్లించింది. బియ్యం మూట, పెరుగు ముంత, ఆవకాయ జాడీ అన్నీ ఎత్తుకెళ్ళి పాస్టరు గారింట్లో పెట్టి వచ్చింది. "ఇగ దీనికి తక్కువయ్యే దాక ఈ ఇంట్ల పొయ్యి మీదికి జావ తప్ప ఇంకేం ఎక్కది. నేను గదే తాగుత. పోరి గదే తాగుతది. నువ్వు బయట తిను. ఇంట్ల గింజ లేనంక ఎట్ల పెడుత, ఎట్ల తింటది, నువ్వే సూడు" అంది.

పౌరుషం అంటే అది. పెద్ద వయసులో ఆ మనిషి నాతోపాటు జావ తాగింది. నా కూతురు జావ గిన్నె చూస్తే మొహం తిప్పుకునేది. పాస్టరు గారి భార్య దాన్ని పిలిచి అప్పుడప్పుడు ఏదో ఒకటి పెట్టి, మూతి తుడిచి పంపేది. మా అత్తమ్మకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టు ఊరుకునేది.

నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు నామీదే అనుమానం పుట్టింది. అంతమంది అంటుంటే, జ్వరం మైకంలో నేనే లేచి ఏమైనా తిన్నానేమో అనుకున్నాను. కళ్ళు మూస్తే కంచాలు కనిపించేవి. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చేది. చచ్చిపోతానని తెలిసిపోయింది. చావు కంటే, చచ్చాక కూడా "తిని చచ్చింది" అంటారని ఎక్కువ భయమేసింది.

రెండో పొట్లం కూడా అడుగుకు వచ్చింది. ఇంట్లో గింజ లేదు. జ్వరం అలాగే ఉంది. ఒక పొద్దున మా ఆయన డ్యూటీకి పోబోతూ బోర్లించిన గిన్నె వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అవ్వా, నీ తప్పు లేదు. దీని తప్పు లేదు. మరి తప్పెక్కడున్నదే?" అన్నాడు. మొత్తం లైన్లో ఆ ప్రశ్న సరిగ్గా అడిగిన మొదటి మనిషి మా ఆయనే. ఇందుకు ఆయన్ని ఎప్పటికీ మెచ్చుకుంటాను, మొహం మీద మాత్రం చెప్పను.

సెలవడిగితే మేనేజరు ఇవ్వలేదు. ఇసుక ఆగితే గని ఆగుతుందట. మా ఆయన ఇక అడగలేదు. లారీలో పరుపు వేసి, నన్ను పడుకోబెట్టి, రామగుండం స్టేషను దాకా తోలుకొచ్చి, లారీని అక్కడే వదిలేశాడు. స్టేషనులో చాయ్ అమ్మే ఒక ముసలాయన నన్ను చూసి, అడక్కుండానే నీళ్ళు మరగబెట్టి సీసాలో పోసి ఇచ్చాడు. "కచ్చా నీళ్ళు తాగొద్దు బేటీ" అన్నాడు. రైల్లో ఎవరో కాపు ఇంటావిడ తన కూరగాయల గంపను కిందకు దించి, ఆ చోట నన్ను పడుకోమంది. లక్షల సరుకు కొనే సంస్థకు లేని బుద్ధి ఆ ఇద్దరికీ ఉంది. వాళ్ళ పేర్లు నాకు తెలియవు.

మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ కోస్తా ప్రాంతం మనిషి, నెరిసిన జుట్టు, గట్టి గొంతు. ఇప్పటిదాకా ఏం వాడారని అడిగితే మా ఆయన పొట్లం విప్పి చూపించాడు. ఆమె ఒక క్యాప్సూలు తీసుకుని రెండుగా విడదీసి, పొడిని అరచేతిలో పోసింది. కొంచెం తన నాలుక మీద వేసుకుంది. మొహం మారిపోయింది.

"నువ్వూ నాలుక మీద వేసుకో అమ్మా. ఏం రుచి?"

"ఏమీ లేదండి. పిండిలాగుంది."

"పిండిలాగుండడం కాదు, పిండే. అసలు మందైతే ఈపాటికి ఉమ్మేసేదానివి, అంత చేదు. ఇది మందు కాదు."

మా ఆయన పొట్లంలోంచి మరో క్యాప్సూలు విప్పి తానూ నాలుక మీద వేసుకున్నాడు. నాకు మాత్రం మొదట వచ్చింది కోపం కాదు, సంతోషం. నేను తినలేదు! అత్తమ్మ పెట్టలేదు! మంచం మీద పడి ఉండి కూడా గట్టిగా అరవాలనిపించింది. కోపం తర్వాత వచ్చింది, వచ్చాక మళ్ళీ పోలేదు.

అసలు మందు మొదలుపెట్టారు. క్యాప్సూలు విప్పి చూపించమని నర్సును బతిమాలాను. పొడి నాలుకకు తగలగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత చేదును అంత ఇష్టంగా చప్పరించినదాన్ని ఆ ఆసుపత్రిలో నన్నే చూసి ఉంటారు. జ్వరం కొంచెం కొంచెంగా దిగింది. ఇంకా పూర్తిగా దిగకముందే ఒక మధ్యాహ్నం నర్సు మెత్తటి పెరుగన్నం తెచ్చింది. నేను కంచం వెనక్కి తోశాను. వద్దు, చచ్చిపోతానన్నాను. డాక్టరమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది.

"మెత్తటి అన్నానికి ఎవరూ చావరు. మందు లేక చస్తారు, తిండి లేక నీరసించి చస్తారు. తిను" అంది. దగ్గరుండి తినిపించింది.

నేను గండం దాటానని తెలిశాక మా ఆయన లైన్లకు బయలుదేరాడు, అందరికీ చెప్పాలని, ఆ పొట్లాలు మోరీలో పారేయించాలని. వెళ్ళేసరికి రాజయ్య వాకిట్లో జనం. శవం పాడె మీద ఉంది. మల్లక్క నేల మీద పడి తల బాదుకుంటోంది: "నేనే పెట్టిన! పెరుగన్నం ముద్ద నేనే పెట్టిన!" రాజయ్య తమ్ముళ్ళు ఆమెను శవం దగ్గరికి రానివ్వడం లేదు. మా ఆయన మందు సంగతి చెప్పబోతే, "మాకు సెప్పకు ప్రకాశన్నా. ఆమెనే ఒప్పుకుంటుంటే ఇంక నువ్వేంది?" అని తోసేశారు.

ఆ తర్వాత సంగతి అత్తమ్మ చెప్పింది. పదకొండో రోజున చచ్చినవాడికి ఇష్టమైనవి వండి పిట్టకు పెడతారు. కాకి ముట్టే దాకా ఇంట్లో ఎవరూ తినరు. మల్లక్క ముద్ద కలపబోతే మరుదులు చేతిలో గిన్నె లాక్కున్నారట. "నీ చేత్తోని పెట్టింది సాలు" అన్నారట. ఆ మాటన్న నోళ్ళు పడిపోవాలని రాద్దామనుకున్నాను. కానీ వాళ్ళూ మోసపోయినవాళ్ళే. ఆ శాపం ఇంకొకరికి దాచి పెట్టాను.

బతుకమ్మ పండుగ రోజులకు నేను తిరిగి లైన్లకు వచ్చాను. గుండు లాంటి తల, కర్ర లాంటి కాళ్ళు. నా కూతురు మొదట గుర్తుపట్టలేదు. డిస్పెన్సరీలో డబ్బా మాయమైంది. కంపౌండరు నన్ను చూడగానే లోపలికి పోబోయాడు. అడ్డం నిలబడ్డాను.

"తెలుసా మీకు?" అన్నాను.

"ఎవ్వలకు తక్కువైతలేదని రాజయ్య మంచం వట్టకముందే సెప్పిన వదినా. డాక్టరు సారుకు సెప్పిన, మేనేజరు సారుకు సెప్పిన. మేనేజరు సారేమో ఉన్న డబ్బ అయిపోనియ్, తర్వాత సూద్దాం అన్నడు." అతను ఏడుస్తున్నాడు. నాకు జాలి కలగలేదు.

ఉన్న డబ్బా అయిపోనియ్. మా ఆయుష్షు సంగతి ఆ మూడు మాటల్లో తేల్చేశాడు ఆ మహానుభావుడు.

డాక్టరమ్మ మిగిలిన క్యాప్సూళ్ళను సర్కారు వాళ్ళకు పంపింది. ఎక్కడెక్కడ నుంచి ఇంకెన్ని ఫిర్యాదులు పోయాయో, పట్నంలో ఒక గాజుల గోదాము వెనక రేకుల గది మీద పోలీసులు పడ్డారు. ఖాళీ క్యాప్సూలు గొట్టాలు, మైదా బస్తాలు, అచ్చు వేసిన చీటీలు దొరికాయని, లైసెన్సు లేదని చెప్పుకున్నారు. గొట్టాల్లో పిండి నింపే కూలీలను పట్టుకున్నారు. ఆ గది యజమాని జామీను మీద బయట తిరుగుతున్నాడు.

తర్వాత చలికాలంలో మా లైన్లకు ఒక సర్కారు ఆఫీసరు విచారణకు వచ్చాడు. మేనేజరు ఇస్త్రీ చొక్కాతో పక్కనే కూర్చున్నాడు. "సార్, మేమూ మోసపోయినవాళ్ళమే. కంపెనీ ఖర్చు తగ్గించాలని మంచి ఉద్దేశంతోనే కొన్నాం" అన్నాడు. కంపౌండరును అడిగితే తనకేమీ తెలియదన్నాడు, నేల చూస్తూ. నేను వినలేక లేచి అతను నాతో చెప్పిందంతా చెప్పాను. అలా చెప్పలేదన్నాడు. ఆఫీసరు నన్ను కూర్చోమన్నాడు.

తర్వాత మల్లక్కను పిలిచాడు. "మీ ఆయనకు అన్నం పెట్టావా అమ్మా?"

అబద్ధం చెప్పవచ్చు. ఎవరు చూశారు? కానీ మల్లక్కకు అబద్ధం రాదు.

"పెట్టిన సారూ. పెరుగన్నం."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆఫీసరు తల ఊపి, డాక్టరు పథ్యం చెప్పినా ఇంటివాళ్ళు పాటించలేదని పక్కనున్న గుమాస్తాతో పైకే చెప్పి రాయించాడు. నేను మళ్ళీ లేచాను. "సార్, నాకు ఆసుపత్రిలో పెట్టింది పెరుగన్నమే. నేను మీ ముందు నిలబడ్డాను. పిండి తిన్నందుకు చచ్చాడు రాజయ్య, అన్నం తిన్నందుకు కాదు" అన్నాను. "నిన్ను అడగలేదమ్మా" అన్నాడాయన. విచారణ అయిపోయింది. మేనేజరు ఆయన్ని జీపు దాకా సాగనంపాడు. ఇసుక కాంట్రాక్టు మళ్ళీ వాళ్ళకే వచ్చింది.

నేను ఇంకేమీ చేయలేకపోయాను. ఇది చదివేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. మందుకు జబ్బు లొంగకపోతే ముందు మందును నిలదీయండి. వండిపెట్టిన మనిషిని నిలదీయకండి.

విచారణ మర్నాడు, మరుదులు లేని వేళ చూసి మల్లక్క ఇంటికి వెళ్ళాను. అన్నాళ్ళూ వాళ్ళు నన్ను ఆ గడప తొక్కనివ్వలేదు, విచారణలో నా మాట ఆమె చెవికెక్కలేదు. ఆమె వాకిట్లో చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చున్నాను. డాక్టరమ్మ నోటితో విన్నదంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. క్యాప్సూలు విప్పడం, పిండి, చేదు, నాకు తినిపించిన పెరుగన్నం.

ఆమె చేతులు ఆగిపోయాయి. "ఆ గోలీలల్ల ఏం లేకుండెనా చెల్లె?"

"ఏం లేదు మల్లక్కా. పిండి."

"నేను పెట్టిన ముద్దతోని సావలేదా?"

"కాదు. నిజంగా కాదు. దేవుడి మీద ఒట్టు."

నేను ఇన్నాళ్ళూ అనుకున్నది ఏమిటంటే, ఈ మాట వింటే ఆమె గుండె మీద బరువు దిగుతుందని. మల్లక్క గుప్పెట్లోని రాళ్ళను అవతలికి విసిరేసింది. తర్వాత చాట పక్కకు పెట్టింది. ఆమె మొహం చూసి నాకు భయమేసింది.

"అట్లయితె కడుపు నిండ పెట్టేదాన్ని గద చెల్లె. రోజు అడిగిండు. ఇంకొక్క ముద్ద పెట్టే అన్నడు. పత్తెం తప్పుతదని, నేను వాని ముంగటి నుంచి కంచం గుంజుకున్న."